మేళం మళ్ళీ కలిస్తే పాట ఎవరిది?

విడిపోయిన పాటల బృందం మళ్ళీ కలిసిందంటే లోకానికి పండగే. అమెరికాలో ఈగల్స్ అనే కంట్రీ రాక్ బృందం 1980లో విడిపోయి 1994లో కలిసింది. 2007లో 'లాంగ్ రోడ్ అవుట్ ఆఫ్ ఈడెన్' చేసింది. పూర్తిగా కొత్త పాటలతో వాళ్ళు ఆల్బమ్ చెయ్యడం 1979 తర్వాత అదే. పోట్లాడుకుని కూడా కలిసి పాడిన మగవాళ్ళను చూసి అభిమానులు మురిసిపోయారు.

ఆడవాళ్ళ బృందానికి దారి అంత సాఫీగా ఉండదు. 2003లో ఇరాక్ యుద్ధం ముంగిట, డిక్సీ చిక్స్ ముగ్గురిలో ఒకరు లండన్ వేదిక మీద తమ అధ్యక్షుడి గురించి ఒక్క మాట అన్నందుకు కంట్రీ రేడియోలు వాళ్ళ పాటలు ఆపేశాయి. వాళ్ళ సీడీల్ని ట్రాక్టరుతో తొక్కించారు. 2006లో ఒక ఆల్బమ్, ఆ తర్వాత కొత్తదానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుడు కూడా బానిసత్వపు రోజుల్ని గుర్తుచేసే 'డిక్సీ' అన్న మాటని తమంతట తామే తీసేసుకుని 'ద చిక్స్'గా వచ్చారు. పద్నాలుగేళ్ళ తర్వాత కూడా పాట వాళ్ళదే, పేరు వాళ్ళదే, డబ్బూ వాళ్ళదే. ఈ మూడూ లేకుండా 'కలవడం' అంటే ఏమిటి? మన గోదావరి డెల్టాని చూస్తే తెలుస్తుంది.

ఇక్కడా ఆడవాళ్ళ బృందాలుండేవి. మేళాలు అనేవాళ్ళు. ముమ్మిడివరం, మురమండ, బల్లిపాడు వంటి ఊళ్ళలో కళావంతుల స్త్రీలు క్షేత్రయ్య పదాలు, జావళీలు, భామాకలాపం, గొల్లకలాపం ఆడారు, పాడారు. ఆడేవాళ్ళు, వెనక నిలబడి పాట అందుకునేవాళ్ళు, మద్దెల, తాళం, ముఖవీణ, ఇదంతా కలిస్తేనే మేళం. ఒక్కరు గొప్పవాళ్ళయితే సరిపోదు. జమీందారు మేజువాణీలో వాళ్ళ మీద జరిగిన దోపిడీని నేను మర్చిపోమనడం లేదు. చిన్నపిల్లల్ని గుడికి అంకితం చెయ్యడాన్ని ఆపాల్సిందే. కానీ 1947 మద్రాసు చట్టం అంకితంతో ఆగలేదు, గుడిలో, ఊరేగింపులో వాళ్ళ నాట్యాన్ని కూడా నేరం చేసింది. 1956లో ఆంధ్ర సవరణ పెళ్ళిళ్ళ వేడుకల్ని కూడా కలిపేసింది. మేజువాణీ పెట్టించిన జమీందారుకి ఏ శిక్షా పడలేదు. అతని పరువుకి మచ్చ కూడా రాలేదు. కూడు పోయింది ఆడినవాళ్ళకి. రాజమండ్రిలో వీరేశలింగం 'వివేకవర్ధని' రోజుల నుంచీ మనం సంస్కరణ అని గర్వంగా చెప్పుకునే దానికి ఈ రెండో పుట కూడా ఉంది. పాఠ్యపుస్తకాల్లో అది కనిపించదు.

ఆ తర్వాత పునరుద్ధరణ వచ్చింది. 1970ల మొదట్లో నటరాజ రామకృష్ణ ఈ స్త్రీలని వెతికి వేదిక మీదికి తెచ్చారు. ఆంధ్రనాట్యం అన్నారు. 1990లలో స్వప్నసుందరి, బల్లిపాడు మదనగోపాలస్వామి గుడిలో సేవ చేసిన సరిదె మాణిక్యమ్మ దగ్గర నేర్చుకుని విలాసినీ నాట్యంగా ప్రదర్శించారు. వాళ్ళ కష్టాన్ని తక్కువ చెయ్యను. వాళ్ళు పూనుకోకపోతే ఈ మాత్రమైనా మిగిలేదో లేదో. అయినా అడగాల్సింది అడగాలి. ఆటకి కొత్త పేరు పెట్టింది ఎవరు? టిక్కెట్టు కొని చూసేది ఎవరిని? పునరుద్ధరణ అనేది ఒక్కొక్క వృద్ధురాలి దగ్గరికి ఒక్కొక్క శిష్యురాలిని పంపింది, అభినయాన్ని పట్టుకొచ్చింది. మేళాన్ని మాత్రం కలపలేదు. మాణిక్యమ్మగారిని గురువన్నాం, సన్మానించాం, శాలువా కప్పాం. ఆమె పక్కన పాడాల్సిన ఆడవాళ్ళెక్కడ అని అడిగినవాళ్ళు తక్కువ. (శాలువాలకి మన రాష్ట్రంలో ఎప్పుడూ కరువు లేదు.)

నిజానికి మేళం కలుస్తూనే ఉంది. దవేష్ సోనెజి 2012లో అచ్చయిన 'అన్‌ఫినిష్డ్ జెశ్చర్స్'లో రాశారు: గోదావరి జిల్లాల్లో పెద్దవయసు కళావంతుల స్త్రీలు ఇళ్ళలో, తలుపులు మూసుకుని, తమలో తామే పాత పాటలు పాడుకుంటారని, అభినయం చేసుకుంటారని. ఎదుట ప్రేక్షకుడు లేడు, మైకు లేదు. బయటికి వినిపిస్తే పిల్లల సంబంధాలు చెడతాయి. సూర్యబలిజలు అని కులం పేరు మార్చుకున్నా ఊరు మర్చిపోదు. 'బోగం మేళం' అన్నది ఇవాళ్టికీ మన నోట తిట్టే. అమెరికా బృందం పేరు మార్చుకున్నది తన మనస్సాక్షి కోసం, వీళ్ళు మార్చుకున్నది మన నోటికి భయపడి.

అందుకే అకాడమీలు, యూనివర్సిటీలు 'మిగిలిన పాటల్ని రికార్డు చేద్దాం' అని టేపు పట్టుకుని బయల్దేరినప్పుడల్లా నాకు అనుమానం. ఎవరి కోసం? ఆ టేపు ఏ బీరువాలోకి వెళ్తుంది? క్షేత్రయ్య పదం కావాలంటారు. మధ్యలో వాళ్ళు ఊరి పెద్దమనిషి మీద వేసే ఎకసెక్కెం వద్దంటారు, అది 'శాస్త్రీయం' కాదట. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ని 1910లో నాగరత్నమ్మ పూర్తిగా అచ్చువేసినప్పుడు బూతు అని గోల చేసి నిషేధం పెట్టించిన బుద్ధీ ఇదే. ఏరుకుని, కడిగి, పక్కన పెట్టడం.

రికార్డు చెయ్యాల్సిందే, కాదనను. కానీ ముందు ఒప్పందం కాగితం మీద ఉండాలి. డిస్కు మీద పాడిన ప్రతి ఒక్కరి పేరూ, ఆమె కోరుకున్న పేరు, ఉండాలి. వద్దంటే ఉండకూడదు. పారితోషికం సన్మానంలా కాక జీతంలా అందాలి. పాట తమ మనవరాళ్ళకే చెప్పుకుంటాం, మీకు చెప్పం అంటే ఆ మాట కూడా వినాలి. పరిశోధకులకి, నాతో సహా, ఇది మింగుడు పడని షరతే. పిహెచ్‌డీలు వాళ్ళ పాటల మీద వస్తాయి, వాళ్ళ తలుపు మాత్రం మూసే ఉంటుంది. ఆ తలుపు లోపలి గడియ వాళ్ళ చేతిలో ఉన్నంతవరకే అది వాళ్ళ మేళం.