విజయనగరం ఆడపడుచు నాస్తికత్వం

గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకు మొర్రి వస్తుందని ఇప్పటికీ తలుపులు వేసి కూర్చోబెట్టే ఇళ్లున్నాయి. 1912లో విజయనగరంలో పుట్టిన సరస్వతీ గోరా ఆ రోజుల్లోనే, కడుపుతో ఉండి, అందరూ చూస్తుండగా బయటికొచ్చి గ్రహణం చూశారు. ఉపన్యాసం కన్నా అది పెద్ద పాఠం.

ఆమె భర్త గోరా గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టిన వృక్షశాస్త్ర అధ్యాపకుడు. నాస్తికుడన్న కారణంగా 1933లో కాకినాడ పి.ఆర్. కళాశాలలో కొలువు పోయింది. 1940లో దంపతులు ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టారు. దేవుణ్ని కాదనడంతోనే వారు ఆగలేదు. అంటరానితనంపై పోరాడారు, 1948లో పెద్ద కూతురు మనోరమకు సేవాగ్రామ్‌లో దళిత యువకుడితో పెళ్లి చేశారు.

మతం లేదని చెప్పుకోవడం కొన్నిచోట్ల ఇప్పుడు మామూలే. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2021 జనగణన నాటికి క్రైస్తవులమన్నవారు 46.2 శాతానికి తగ్గారు. ఏ మతమూ లేదన్నవారు 37.2 శాతం. మన దేశంలో 2011లో మతం చెప్పనివారు పావు శాతం కూడా లేరు. ఆ లెక్కలతో మనకు పోటీ అక్కర్లేదు. భక్తి ఎవరిష్టం వారిది.

ప్రాణాలు తీసే భయం సంగతి వేరు. ఉత్తరాంధ్ర మన్యంలో జ్వరం తగ్గకపోతే చిల్లంగి (చేతబడి) పెట్టారంటూ పక్కింటి ముసలివాళ్ల మీద పడి కొట్టిన, చంపిన ఘటనలున్నాయి. అక్కడ ముందు చేరాల్సింది రక్తపరీక్ష, మలేరియా మందు. మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాలపై చట్టాలు చేశాయి. మన శాసనసభ కూడా అలాంటి చట్టం చేయాలి.