‘మా కుక్క ఏమీ చెయ్యదండీ’ అనే మాట ఇక చాలు



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. ఓపిక ఉన్నవాళ్ళు మొత్తం చదవండి. లేనివాళ్ళు చివర రాసిన అయిదు అంశాలైనా చూడండి, ఎందుకంటే వచ్చే మీటింగులో చెయ్యెత్తాల్సింది వాటి మీదే. మేము చదివింది తమిళ మీడియం. తెలుగు మా అమ్మ దగ్గర నేర్చుకున్నది, అందుకని పెద్ద పెద్ద మాటలు రావు. ఉన్న విషయం ఉన్నట్టు చెప్తాం.

మన కోడంబాక్కంలో పొద్దున్నే పార్కుకి వెళ్ళేవాళ్ళందరూ ఒక మాట వినే ఉంటారు. తమిళంలో అయితే ‘కడిక్కాదు సార్’. తెలుగులో ‘ఏమీ చెయ్యదండీ, మంచిది’. ఇంగ్లీషు చదువుకున్న పిల్లలైతే ‘అంకుల్, ఫ్రెండ్లీ’. మూడు భాషల్లోనూ అర్థం ఒకటే: నేను గొలుసు పట్టుకోను, భయపడకుండా ఉండే బాధ్యత మీది.

ఈ మాట మీదే మా గొడవ. కుక్కల మీద కాదు.

2024 మే 5, ఆదివారం రాత్రి. మనకి మూడు నాలుగు కిలోమీటర్ల దూరంలో, థౌజండ్ లైట్స్ దగ్గర మోడల్ స్కూల్ రోడ్డులో ఉన్న కార్పొరేషన్ పార్కు. ఆ పార్కు వాచ్‌మన్ కూతురు, అయిదేళ్ళ పిల్ల, అక్కడ ఆడుకుంటోంది. గొలుసు లేని రెండు రాట్‌వైలర్లు ఆ పిల్ల మీద పడ్డాయి. తలకి పెద్ద గాయాలయ్యాయి, ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది. విడిపించబోయిన తల్లినీ కరిచాయి. పోలీసులు కేసు పెట్టారు, యజమానిని అరెస్టు చేశారు. టీవీలో వారం రోజులు అదే వార్త. ఆ వారం ఊళ్ళో కుక్కలన్నిటికీ గొలుసులు వచ్చాయి. లైసెన్సు కోసం కార్పొరేషన్‌కి దరఖాస్తులు వెల్లువెత్తాయి. తర్వాత? తర్వాత మన పార్కులో మళ్ళీ ‘ఏమీ చెయ్యదండీ’.

దీనికి ఏడాది ముందు, 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ళ బాబుని వీధికుక్కలు చంపేశాయి. ఆ వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ బాబు తండ్రి కూడా వాచ్‌మనే. పనిచేసే చోటికి పిల్లవాణ్ణి వెంట తీసుకొచ్చాడు.

ఒకటి పెంపుడు కుక్కలు, ఒకటి వీధికుక్కలు. ఊళ్ళు వేరు. కానీ రెండు చోట్లా దెబ్బ తిన్నది వాచ్‌మన్ బిడ్డ. ఇది ఊరికే కలిసిన విషయం అని మేము అనుకోవడం లేదు. మన పిల్లలు ఫ్లాటులో తలుపు వేసుకుని ఉంటారు, కారులో బడికి వెళ్తారు. నేల మీద, గేటు దగ్గర, పార్కులో ఆడుకునేది ఎవరి పిల్లలు? వాచ్‌మన్ పిల్లలు, ఇస్త్రీ బండివాడి పిల్లలు, ఇళ్ళలో పనిచేసే అమ్మాయిల పిల్లలు. ‘ఏమీ చెయ్యదు’ అని మనం ధైర్యంగా అనేది వాళ్ళ పిల్లల ఒంటి మీద పందెం కాసి.

ఇక రెండో సంగతి. దీన్ని ఎవరూ పైకి మాట్లాడరు. కుక్క పార్కులో వెళ్ళిన తర్వాత ఆ మలం ఎత్తేది ఎవరు? పొద్దున్నే చీపురు పట్టుకుని వచ్చే కార్పొరేషన్ మనిషి. మద్రాసు శుభ్రత పనివాళ్ళలో చాలామంది తెలుగు మాట్లాడేవాళ్ళు. తాతల కాలంలో ఆంధ్ర జిల్లాల నుంచి ఈ పనికి వచ్చిన కుటుంబాలు. మనం ఉగాదికి పచ్చడి పంచి, మైకు పెట్టి ‘తెలుగు జాతి’ అని ఉపన్యాసాలు ఇస్తాం. మర్నాడు పొద్దున మన కుక్క చేసిన దాన్ని ఎత్తమని తెలుగు ఆడమనిషికే వదిలేసి వస్తాం. ఇదేనా భాషాభిమానం? ఒక పాత న్యూస్‌పేపరు ముక్క, ఒక కవరు జేబులో పెట్టుకుంటే పోయే పని ఇది.

ఇది అసహ్యం ఒక్కటే కాదు, జబ్బు కూడా. కుక్క మలంలో కొంకి పురుగుల గుడ్లు ఉంటాయి. ఉయ్యాల కింద ఇసుకలో అవి పిల్లలై, చెప్పులు లేకుండా ఆడే పిల్లల పాదాల్లోంచి చర్మంలోకి వెళ్తాయి. ఐప్పసి, కార్తీక మాసాల్లో మన ఊరి వాన ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఆ నీళ్ళు ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి ఇదీ వెళ్తుంది.

ఇప్పుడు ఎదుటి పక్షం వాళ్ళ వాదన. పోయిన మీటింగులో కొందరు ‘పార్కు మనుషులకి, కుక్కలకి కాదు, గేటు దగ్గరే బోర్డు పెట్టేద్దాం’ అన్నారు. చప్పట్లు కూడా వచ్చాయి. మేము చప్పట్లు కొట్టలేదు. ఎందుకో చెప్తాం.

ఒకటి, పార్కు సంఘం సొత్తు కాదు, కార్పొరేషన్‌ది. బోర్డు పెట్టే అధికారం మనకి లేదు. జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన సర్క్యులర్‌లో కుక్కలు పెంచకూడదని కాలనీ సంఘాలు నిషేధం పెట్టడానికి వీల్లేదని చెప్పారు. రెండు, నిషేధం పెడితే కుక్క మాయమైపోదు. పార్కులోంచి ఆర్కాట్ రోడ్డు పక్కకి వస్తుంది, స్కూటర్ల మధ్యకి. మూడు, మన వీధుల్లో పిల్లలు అమెరికాలో ఉండి, ఇంట్లో మాట్లాడటానికి కుక్క ఒక్కటే మిగిలిన ముసలివాళ్ళు ఎంతమంది లేరు? ఆ తాత పొద్దున లేచి నడుస్తున్నాడంటే ఆ కుక్క పుణ్యమే. ఆయన్ని గేటు బయట నిలబెడితే మనకి ఏం వస్తుంది?

అయితే కుక్కని ప్రేమించేవాళ్ళు ధర్మరాజు కథ చెప్పి మమ్మల్ని గెలవలేరు. ‘కుక్క లేకుండా స్వర్గమే వద్దన్నాడు ధర్మరాజు’ అని ఒకాయన గట్టిగా అన్నారు. నిజమే. కానీ ధర్మరాజు తన వెంట వచ్చిన కుక్క బాధ్యత తన నెత్తిన వేసుకున్నాడు. స్వర్గం గేటు దగ్గర దాన్ని దేవతల మీదికి వదిలి ‘ఏమీ చెయ్యదండీ’ అనలేదు.

కాకిపిల్ల కాకికి ముద్దు. మీ కుక్క మీకు ముద్దు. దాన్ని కాదనే హక్కు మాకు లేదు. మాకు కూడా ముద్దు కావాలని అడిగే హక్కు మీకు లేదు.

మేము రైల్వేలో పార్సెల్ కౌంటర్ దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళం. రైల్లో కుక్కని తీసుకెళ్ళడానికి రూలు ఉంది, చాలామందికి తెలియదు. స్లీపర్‌లో, చైర్ కార్‌లో కుక్కకి చోటు లేదు. ఫస్ట్ క్లాసులో తీసుకెళ్ళొచ్చు, కానీ తోటి ప్రయాణికులు ఒప్పుకుంటేనే. మొదట ఒప్పుకుని తర్వాత వద్దన్నా సరే, కుక్కని గార్డు వ్యానుకి మార్చాలి. కట్టిన డబ్బు తిరిగి రాదు. బుక్ చెయ్యకుండా దొంగతనంగా ఎక్కిస్తే లగేజీ రేటుకి ఆరు రెట్లు కట్టాలి. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా కౌంటర్ దగ్గర ఇదే రూలు.

ఈ రూలులో ఉన్న న్యాయం చూడండి. కుక్క రైలెక్కకూడదని అనలేదు. కుక్క మంచిదా చెడ్డదా అని యజమానిని అడగలేదు. పక్కన కూర్చున్నవాడిని అడిగింది. పదిమంది వాడుకునే చోట మర్యాద అంటే ఇంతే. ‘మీ కుక్క కరుస్తుందా’ అనేది ప్రశ్న కాదు. ‘పక్కవాడికి ఇష్టమేనా’ అనేదే ప్రశ్న. గుండె ఆపరేషన్ అయిన మనిషికి, కర్ర పట్టుకుని నడిచే అమ్మమ్మకి, చిన్నప్పుడు కుక్క కరిచిన పిల్లకి, మీది లాబ్రడారా రాట్‌వైలరా అనవసరం. మీద పడితే కింద పడతారు. తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్ళీ లేచి నడవడం ఎంత కష్టమో మన సంఘంలో అందరికీ తెలుసు.

మూతికి కట్టే మజిల్ గురించి కూడా చెప్పాలి. ‘అది హింస’ అంటున్నారు. మన పల్లెల్లో నూర్పిళ్ళప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టేవాళ్ళు. ఎద్దు మీద ప్రేమ లేక కాదు. ఇదీ అంతే. అయితే మద్రాసు ఎండలో గుడ్డతో బిగించి కట్టేది వద్దు. కుక్కకి మనలా చెమట పట్టదు, నోరు తెరిచి రొప్పితేనే ఒళ్ళు చల్లబడుతుంది. బుట్టలా ఉండేది కొనండి, అందులో నోరు తెరవగలదు, నీళ్ళు తాగగలదు. ‘మజిల్ కట్టమని సంఘం బలవంతం చెయ్యకూడదు’ అని అదే 2015 సర్క్యులర్ చూపిస్తారు. సరే, సంఘం బలవంతం చెయ్యదు. థౌజండ్ లైట్స్ ఘటన తర్వాత బయటికి తెచ్చే కుక్కకి గొలుసూ మజిలూ ఉండాలని చెప్పింది కార్పొరేషన్. పార్కు దానిది, రూలు దానిది. లైసెన్సు రుసుము ఏడాదికి 50 రూపాయలు. లేకపోతే 5,000 జరిమానా అని 2025 చివర్లో ప్రకటించారు. కుక్క తిండికి నెలకి వేలు పెట్టేవాళ్ళకి 50 రూపాయల కాగితం భారమా?

నిర్లక్ష్యం వల్ల మన జంతువు ఇంకొకరికి ప్రమాదం తెస్తే భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షను కింద ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. బెదిరించడానికి చెప్పడం లేదు. తెలియదనకూడదని చెప్తున్నాం.

పార్కు గేటు దగ్గర వీధికుక్కలకి బిస్కెట్లు వేసేవాళ్ళు కూడా వినాలి. మీది దయ, కాదనం. ఈ ఊళ్ళో కార్పొరేషన్ వందేళ్ళకు పైగా వీధికుక్కల్ని పట్టి చంపింది, అయినా తగ్గలేదు. చంపడం కంటే కుటుంబ నియంత్రణ ఆపరేషను మేలని 1964 నుంచి చెప్తూ వచ్చింది మన ఊరి బ్లూ క్రాసే. 1996లో కార్పొరేషన్ కూడా ఆ దారికి వచ్చింది. కాబట్టి ‘అన్నిటినీ చంపెయ్యండి’ అనేవాళ్ళ పక్షం మేము కాదు. కానీ 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చదవండి. తిండి పెట్టే చోటు పిల్లలు ఆడే స్థలానికి, మెట్లకి, వాకిళ్ళకి దూరంగా ఉండాలి. పిల్లలు, ముసలివాళ్ళు తిరగని వేళలో పెట్టాలి. ఆ చోటు చూపించే బాధ్యత కాలనీ సంఘాలదే అని కూడా అందులో ఉంది. అంటే మనదే. ఉయ్యాల పక్కన బిస్కెట్ ప్యాకెట్టు చించేది దయ కాదు, సోమరితనం.

కుక్క కాటుకి చెప్పు దెబ్బ అని సామెత. సామెతకి బాగుంటుంది, కాటుకి పనికిరాదు. కాటు పడితే వెంటనే సబ్బూ నీళ్ళతో పదిహేను నిమిషాలు కడగాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళి టీకా మొదలుపెట్టాలి, చెప్పిన డోసులన్నీ పూర్తి చెయ్యాలి. గవర్నమెంటు ఆసుపత్రిలో డబ్బు అక్కర్లేదు. పసుపు, కారం, సున్నం పెట్టి కూర్చోకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. 1885లో పాశ్చర్ టీకా వేసి ఒక ఫ్రెంచి పిల్లవాణ్ణి కాపాడాడు, 1907లో మన కూనూరులోనే పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా మన దేశంలో పిల్లలు ఈ జబ్బుతో పోతున్నారంటే మందు లేక కాదు.

టి.నగర్‌లో పనగల్ పార్కు ఉంది. పనగల్ రాజా మన కాళహస్తివాడు, 1921 నుంచి 1926 దాకా ఈ రాజధానికి ముఖ్యమంత్రి. ఆ పేరు చెప్పుకుని గర్వపడతాం కదా. పార్కుకి తెలుగువాడి పేరు ఉంటే చాలదు, పార్కులో తెలుగువాడి నడవడిక కూడా పేరు తేవాలి.

మీటింగులో మేము పెట్టబోయే అంశాలు ఇవి:

1. పార్కులో కుక్కకి గొలుసు తప్పనిసరి. గొలుసు పెద్దవాళ్ళ చేతిలో ఉండాలి, పదేళ్ళ పిల్లవాడి చేతిలో కాదు. ఒక మనిషికి ఒక కుక్క. పెద్ద జాతి కుక్కకి మజిల్.

2. పిల్లల ఆటస్థలంలోకి, ఉయ్యాల దగ్గరికి ఏ కుక్కా వద్దు.

3. ఎవరి కుక్క మలం వాళ్ళే ఎత్తాలి. కవర్లు, చెత్త డబ్బా ఖర్చు సంఘం భరిస్తుంది.

4. కుక్క ఉన్న సభ్యులు లైసెన్సు, రేబిస్ టీకా కాగితం నకలు సంఘానికి ఇవ్వాలి. లేనివాళ్ళకి తీయించడానికి మేమే వెంట వస్తాం, ఫారాలు నింపడం మాకు కొత్త కాదు.

5. వీధికుక్కల తిండికి పార్కుకి దూరంగా ఒక చోటు, ఒక వేళ. ఆపరేషన్ కాని కుక్కల సంగతి కార్పొరేషన్‌కి ఫిర్యాదు రాసేది సంఘం.

కుక్కల వాళ్ళకి ఇది ఎక్కువ అనిపిస్తుంది, కుక్కలు వద్దనేవాళ్ళకి తక్కువ అనిపిస్తుంది. రెండు పక్షాలూ తిట్టేటట్టు ఉంటే రూలు సరిగ్గా ఉన్నట్టే అని కౌంటర్‌లో నేర్చుకున్నాం. తిట్టేవాళ్ళు ఇక్కడ కాదు, మీటింగుకి వచ్చి తిట్టండి. వచ్చేటప్పుడు మీ పార్కు వాచ్‌మన్‌ని, ఊడ్చే అమ్మని ఒక మాట అడిగి రండి, వాళ్ళకి ఏది కావాలో. వాళ్ళకి సంఘంలో ఓటు లేదు కాబట్టి ఆ మాట మోసుకొచ్చేది మనమే.