మళ్లీ కట్టే పేటలో మనవాళ్లకు చోటుందా?

పాతపేట కూల్చి మేడలు కడతారంటే పేదల్ని వెళ్లగొట్టడానికే అని మేము అనుకునేవాళ్లం. ముంబైలోని భేండీ బజార్ సంగతి చదివాక మా అభిప్రాయం కొంత మారింది. 2009లో ఏర్పడిన ఒక ట్రస్టు అక్కడ 16.5 ఎకరాల్లో సుమారు 250 పాత భవనాలు తీసేసి కొత్తవి కట్టే పని పెట్టుకుంది. కింద దుకాణాలు, పైన ఇళ్లు. అద్దెకున్న కుటుంబానికి అదే పేటలో కనీసం 350 చదరపు అడుగుల సొంత ఇల్లు, లోపలే మరుగుదొడ్డి. వరండా చివర బకెట్టు పట్టుకుని వరస కట్టినవాళ్లకు (ఆ వరస మన హాస్టల్లో ఎవరికి తెలియదు!) ఇది చిన్న మాట కాదు. ఆలస్యం కూడా ప్రాణాలు తీస్తుంది. 2017 ఆగస్టు 31న ఆ పేటలోనే హుసైనీ భవనం కూలి ముప్పై మందికి పైగా చనిపోయారు.

అయితే ఇలాంటి పథకాల్లో లెక్కకు వచ్చేది కాగితం ఉన్నవాళ్లే. దగ్గర్లోని కామాటిపురాకు ఆ పేరు తెలుగు కూలీల వల్లే వచ్చింది. మా నాన్నల తరం పాలమూరు నుంచి బస్సెక్కి పోయి ఆ నగరానికి మేడలు కట్టింది, కాగితం మాత్రం సంపాదించుకోలేదు. తోపుడుబండికి జాగా, కూలీకి తక్కువ అద్దె గది ప్లానులోనే గీయాలని మేమంటాం. కామాటిపురానూ తిరిగి కట్టాలంటున్నారు. కొలతలు తీసేముందు అక్కడ కాగితం లేనివాళ్ల పేర్లు కూడా రాసుకోవాలి.