గుత్తేదారుని పూర్వచరిత్ర – కోర్టులో దాని విలువ

ఏ హైకోర్టు దినపట్టికను చూచినను అందు టెండరు తగవొకటి కానవచ్చును. రోడ్డు కానిండు, వంతెన కానిండు, ఆసుపత్రికి భోజనసరఫరా కానిండు, పని దక్కనివాడు రిట్టు దాఖలుచేయుట నేడు వింత కాదు. ఇట్టి తగవులలో మొట్టమొదట విచారింపవలసిన ప్రశ్న యేది? ఈ మనుష్యుడు ఇంతకుముందు ప్రజలసొమ్ముతో చేసిన పని యెట్లున్నది యనునదియే. ఆ ప్రశ్న మాత్రము విచారణకు రాదు. కాగితము జతపరచెనా, ముద్ర యున్నదా, ధరావతు గడువులోపల చెల్లెనా యను విషయములమీదనే ఉభయపక్షముల ప్లీడర్లును పూటలు గడపుదురు. ఆ ప్లీడర్లలో నేనొకడను గనుక ఈ మాట నిర్భయముగ చెప్పుచున్నాను.

మన తెలుగుసీమలోని ఇంజనీరింగుశాఖల టెండరుపత్రములను చదివినవారికి ఒక లెక్క పరిచితమై యుండును. గుత్తేదారు గడచిన యేండ్లలో ఏ యొక్క సంవత్సరమందు మిక్కిలి హెచ్చు విలువగల పని చేసెనో ఆ మొత్తమును తీసికొని, కొత్తపనికి పట్టు సంవత్సరములతోను, మరల రెంటితోను హెచ్చవేసి, అందుండి చేతిలోనున్న పనుల విలువను తీసివేయుదురు. మిగిలినది అతని శక్తి యట! ఇది రాశిని కొలుచు లెక్కయే కాని వాసిని కొలుచునది కాదు. అతడు వేసిన రోడ్డు రెండు వానకాలములకు నిలిచినదా లేదా యనుట ఈ లెక్కలో నెచ్చటను లేదు. దీనితోపాటు అనుభవపత్రమొకటి కోరుదురు. పెండ్లిశుభలేఖలో ‘మహారాజశ్రీ’ యెట్టిదో, అనుభవపత్రములో ‘సంతృప్తికరముగ పూర్తిచేసెను’ అను వాక్యమట్టిది. దాని నెవ్వరును చదువరు. లేకున్న మాత్రము తప్పుపట్టుదురు. నా చేతిమీదుగ పోయిన దస్త్రములలో ‘పని సామాన్యముగ నున్నది’ అని వ్రాసిన ఇంజనీరు ఒక్కడును కానరాలేదు.

న్యాయస్థానములకు పూర్వానుభవముయొక్క విలువ తెలియదని కాదు. 1979లో రమణ దయారాం శెట్టి వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదేమి? బొంబాయి విమానాశ్రయములో భోజనశాల నడుపుటకు టెండరు పిలిచి, రిజిస్టరైన రెండవతరగతి హోటలువానిగ అయిదేండ్ల అనుభవము కావలయునని ప్రకటించిరి. పని దక్కినవానికున్నది క్యాంటీనుల అనుభవము. అర్హత నిట్లని ప్రకటించిన అధికారులు దానిని తామే దాటరాదని జస్టిస్ భగవతి తీర్పు. అయినను ఆ కంట్రాక్టును రద్దుచేయలేదు. పిటిషనరు ఆలస్యముగ వచ్చెను. ఈలోపల రెండవపక్షమువాడు సొమ్ము ఖర్చుపెట్టి కూర్చుండెను. సిద్ధాంతము గెలిచినది, పిటిషను ఓడినది. ఆ మాటను పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

పిమ్మట 1998లో మహారాష్ట్ర విద్యుద్బోర్డు పనిని గూర్చి రౌనక్ ఇంటర్నేషనల్‌కును, హైదరాబాదు సంస్థయైన ఐ.వి.ఆర్. కన్‌స్ట్రక్షనుకును నడచిన వివాదములో జస్టిస్ సుజాతా మనోహర్ వ్రాసిన తీర్పు ఇంకను ముఖ్యమైనది. ధర యొక్కటియే చూడనక్కరలేదు. టెండరుదారుడు పని చేయగలడా, పూర్వము చేసెనా, లోపములు పుట్టిన సరిదిద్దునా యనునవి కూడ వాణిజ్యదృష్టితో చూడవచ్చుననియు, మంచి పూర్వచరిత్ర గలవానికి కొంచెము హెచ్చు ధర నిచ్చుట తప్పు కాకపోవచ్చుననియు అందున్నది. అధికారులకు ఇంతటి స్వేచ్ఛ దొరికినది. దానిని న్యాయముగ వాడుకొనుటకు చేతిలో నేమున్నది? ‘మహారాజశ్రీ’ పత్రమే.

ఈ తియ్యని పత్రమునకు ఆవలితీరమున నల్లజాబితా యున్నది. ఈ రెంటికి నడుమ మనకు మెట్టు లేదు. అయిదేండ్లు ‘సంతృప్తికరము’ అనిపించుకొన్నవాడు ఒక ప్రాతఃకాలమున వెలివేయబడును. వెలి యనగా చిన్న శిక్ష కాదు. ఒక శాఖ వెలివేసినచో ప్రతి టెండరులోను ఆ సంగతి చెప్పుకొనవలెను. అన్ని తలుపులును మూసికొనును. పశ్చిమబెంగాలులో సింకోనా సరకుల వేలమునుండి వెడలగొట్టబడిన యొక వ్యాపారి కేసులో, వాని మాట వినకుండ జాబితాకెక్కించుట చెల్లదని సుప్రీంకోర్టు 1974లోనే తేల్చినది. వెలి శాశ్వతముగ నుండరాదని 2013లో కుల్జా కేసులో చెప్పవలసివచ్చినది. వెలివేయదలచినామని నోటీసులోనే స్పష్టపరచవలెనని 2014లో గోర్ఖా సెక్యూరిటీ కేసులోను, మరల 2020లో ఆహారసంస్థపై వచ్చిన యు.ఎం.సి. కేసులోను చెప్పవలసివచ్చినది. చెప్పినదే చెప్పించుకొనుచున్న ఈ అధికారులకు చెవులున్నవా యని సందేహము కలుగును.

అమెరికాలో 1994 నాటి శాసనముతో, టెండరుదారుని పూర్వపు పనిని తూచుట ఫెడరలు కొనుగోళ్లలో సాధారణధర్మమైనది. పని నడచుచుండగనే అధికారి గుణపత్రము వ్రాయును. అందు చాలకాలము ‘అసాధారణము’ మొదలు ‘అసంతృప్తికరము’ వరకు అయిదు మెట్లుండినవి. గుత్తేదారుడు తన సమాధానమును దాని ప్రక్కనే వ్రాసికొనవచ్చును. పూర్వచరిత్ర యేమియు లేని కొత్తవానికి ఆ కారణమున లాభమును నష్టమును కలుగరాదని శాసనమే చెప్పుచున్నది. ఇక టెండరు పోయినవాడు ఆక్షేపణ తెచ్చినప్పుడు, నా మార్కు తక్కువైనదని యూరక వాపోయిన చాలదు. ఆ మార్కును మదింపువారు సహేతుకముగ వాడిరా లేదా యనునదే విచార్యము. తమ కార్యాలయమునకే తెలిసి, చేతికందుచున్న సమాచారమును చూడకుండ కన్నులు మూసికొనినచో అదియును దోషమే. ఆ పద్ధతి నిర్దోషమని నేననను. తగవులకు వెరచి అధికారులు అందరికిని మంచి మార్కులే వేయుదురను ఆక్షేపణ అచ్చటనే కలదు. కాని అచ్చటి తగవు ఒక వ్రాతను గూర్చి నడచును. మన తగవు ముద్రను గూర్చి నడచుచున్నది.

గుణపత్రములు వచ్చినచో ఇంజనీరునకు ఇంకొక కొరడా దొరకునని చిన్న గుత్తేదారులు భయపడుదురు. ఆ భయము అకారణము కాదు. బిల్లు నెలలతరబడి నిలిపి, స్థలము స్వాధీనపరచక, పిమ్మట ‘పని ఆలసించెను’ అని వ్రాయు శాఖలు లేవా? కావున గుణపత్రములో ఒక వైపు గుత్తేదారుని పని యున్నచో, రెండవ వైపు సర్కారు స్థలము నిచ్చిన తేదీయు, బిల్లులు చెల్లించిన తేదీలును ఉండితీరవలెను. ఏకపక్షపు పత్రము కంటె ‘మహారాజశ్రీ’యే మేలు. వ్రాసినవాని పై అధికారి కాక, ఆ పనితో సంబంధము లేని వేరొక సర్కిలు ఇంజనీరు అప్పీలు వినవలెను. 2017 నాటి కేంద్ర ఆర్థికనియమావళి 151వ నియమము వెలివేతకు ముందు మాట వినవలెనని విధించినది. అంతకంటె చిన్న మచ్చకు మాత్రము ఆ మర్యాద యేల వలదు?

ఇది యిప్పుడే జరుగవలసిన పనియని చెప్పుటకు కారణము కలదు. 2018లో సవరింపబడిన నిర్దిష్ట ఉపశమన చట్టము రోడ్లు, విద్యుత్తు మున్నగు నిర్మాణములు ఆలసించునట్లు ఇంజంక్షను ఇయ్యరాదని కట్టడిచేసినది. 2022లో ఎన్.జి. ప్రాజెక్ట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇంకొక అడుగు వేసి, టెండరు తప్పుగ నిచ్చినట్లు తోచినను పనిని ఆపక, నష్టపరిహారమునకు పంపుటయే మంచిదని హైకోర్టులను హెచ్చరించినది. ప్రజలకు రోడ్డు ఆగకూడదు, నిజమే. కాని ఫలితమేమి? టెండరు తెరచిన పిమ్మట పూర్వచరిత్రను గూర్చి వాదించువానికి దక్కునది శెట్టికి దక్కినదే. ఇక ఆ వాదము టెండరుకు ముందే, మచ్చ పడిననాడే, తీరవలెను. గుణపత్రము అందిన ముప్పది దినములలో అప్పీలు, అటుపై తొంబది దినములలో తీర్పు, ఆ తీర్పు ప్రతి టెండరుసంఘము నెదుట. ఇంతమాత్రమునకు శాసనసభ కూడనక్కరలేదు. ఆర్థికశాఖవారి యుత్తరు వొకటి చాలును.