ట్రైలర్ ఎన్నడుగులని కాదు, పందిరెంతని అడగండి

ఎండాకాలం వస్తోందంటే చాలు, అమెరికాలో మనవాళ్ళ మధ్య ఒక చర్చ మొదలవుతుంది. "ట్రావెల్ ట్రైలర్ కొందామనుకుంటున్నాం, ఎన్నడుగులది తీసుకుంటే బావుంటుంది?" అడిగినాయనకి ఇద్దరు పిల్లలు. వచ్చే సమ్మర్‌కి ఇండియా నుంచి అమ్మానాన్నా వస్తున్నారు. ఇక సలహాలు కురుస్తాయి. 24 చాలదని ఒకరు, 28 మినిమమని ఇంకొకరు. "ఎలాగూ కొంటున్నారు కదా, రెండు స్లయిడవుట్లున్న 32 అడుగులది తీసేసుకోండి, మళ్ళీ మళ్ళీ కొంటామా" అని మూడో ఆయన. డీలరు దగ్గరికెళ్తే ఆయన సహజంగానే మూడో ఆయన పార్టీ.

అసలు ప్రశ్నే తప్పంటాను నేను. రేకు గోడల మధ్య ఎంత చోటుందో కాదు, తలుపు తీసి బయట కాలుపెడితే నీడా గాలీ ఉన్న చోటెంతో అడగాలి. ఆ చోటు కోసం పెట్టే ఖర్చు, మోసే బరువు, పెద్ద ట్రైలర్‌తో పోలిస్తే ఏ మూలకీ రావు.

ఈ సరంజామా పరిచయం లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ట్రావెల్ ట్రైలర్ అంటే కారుకో ట్రక్కుకో తగిలించుకుని లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. దానికి ఇంజనుండదు. లోపల మంచాలు, పొయ్యి, బాత్రూము, ఏసీ ఉంటాయి. ఆపిన చోట గోడలో ఒక భాగం సొరుగులా బయటికి జరిగి లోపల చోటు పెంచితే అది స్లయిడవుట్. తలుపు పక్క గోడకి చాపలా చుట్టి ఉండి, విప్పితే బయటికి పరుచుకునే గుడ్డ చూరు ఆనింగ్. మన ఊళ్ళల్లో ఎండాకాలం వాకిట్లో వేసే చలువపందిరి గుర్తుందా? దానికి అమెరికా చుట్టం అన్నమాట.

2020లో కోవిడ్ వచ్చాక ఈ మోజు బాగా ముదిరింది. 2021లో అక్కడి ఆర్వీ కంపెనీలు డీలర్లకి పంపిన బళ్ళు 6 లక్షలు దాటాయి, అదో రికార్డు. 2023కల్లా లెక్క దాదాపు సగానికి పడిపోయింది. మోజు తగ్గినా "పొడవెంత" అన్న జబ్బు మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు లెక్కలోకి దిగుదాం, మనవాళ్ళకి నచ్చే భాష అదే కదా.

ట్రైలర్ వెడల్పు ఎనిమిది, ఎనిమిదిన్నర అడుగులు. రోడ్డు అంతకంటే ఒప్పుకోదు. కాబట్టి ఎంత పెద్దది కొన్నా పెరిగేది పొడవే. 24 అడుగులని రాసున్న దాంట్లో మూడు నాలుగడుగులు ముందు కొక్కేనికే పోతుంది. మిగిలిన దాంట్లో మంచాలు, బాత్రూము, వంట గట్టు, అలమరలు తీసేస్తే మనిషి నిలబడేది ఒక సందు. 32 అడుగులదైతే అదే సందు కాస్త పొడుగవుతుంది, అంతే. ఆ సందుని గది చేద్దామనే స్లయిడవుట్లు పుట్టాయి. 12 అడుగుల పొడవు, 3 అడుగుల లోతు ఉన్న స్లయిడవుట్ ఇచ్చేది 36 చదరపుటడుగులు, అందులోనూ సోఫా కూర్చుంటుంది. దీనికి మోటారు, పట్టాలు, చుట్టూ రబ్బరు సీళ్ళు, కొన్ని వందల పౌండ్ల బరువు. సీలు చెడిందా, వాననీళ్ళు నేల చెక్కలోకి దిగి అది లోలోపల కుళ్ళుతుంది. మనకి కనబడేసరికి ఆలస్యమైపోతుంది.

అదే ట్రైలర్‌కి 16 అడుగుల ఆనింగ్ విప్పితే 8 అడుగులు బయటికొస్తుంది. అంటే 128 చదరపుటడుగులు. స్లయిడవుట్ ఇచ్చినదానికి మూడున్నర రెట్లు! కొత్త ట్రైలర్లలో చాలావాటికి ఇది కంపెనీవాళ్ళే బిగించి ఇస్తారు కూడా. చేతిలో ఉన్న 128ని వదిలేసి 36 కోసం లోను పెంచుకోవడం ఏ లాజిక్కో నాకైతే అంతుబట్టదు.

బరువు సంగతి చూడండి. మన ఇళ్ళముందు సాధారణంగా ఉండేవి ఒడిస్సీ, సియెన్నా. అవి 3,500 పౌండ్లకి మించి లాగకూడదు. పెట్రోలు హైలాండర్ అయితే 5,000. రెండు స్లయిడవుట్ల పొడుగు ట్రైలర్లు చాలావరకు ఖాళీగానే 7 వేల పౌండ్ల పైమాట. అందులో నీళ్ళు, సామాను, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ ఇంకా ఎక్కలేదు. 40 గాలన్ల నీళ్ళే 330 పౌండ్లు. కాబట్టి ట్రైలర్‌తో పాటు ట్రక్కూ కొనాలి. వేసవికి రెండు ట్రిప్పుల కోసం కొన్న ట్రక్కులో మిగతా ఏడాదంతా ఆఫీసుకి వెళ్ళాలి. పైగా పొడుగైతే అన్నిచోట్లా దూరదు. యోసెమిటీలో అందరూ ఎగబడే అప్పర్ పైన్స్ క్యాంప్‌గ్రౌండ్‌లో ట్రైలర్‌కి పరిమితి 24 అడుగులు. 32 అడుగుల మహల్ కొనుక్కుని పార్కు బయట పార్కింగ్ వెతుక్కోవడం ఏం ముచ్చట?

"ఆనింగ్ ఎలాగూ ఉంది కదా, ఇంక కొత్తగా చేసేదేముంది?" అనొచ్చు. అక్కడే ఉంది తిరకాసు. కంపెనీ ఇచ్చేది కప్పు మాత్రమే. సాయంత్రం నాలుక్కి పొద్దు వాలి ఎండ కిందనుంచి దూరుతుంది. వాన పక్కనుంచి కొడుతుంది. చీకటి పడితే దోమలు. అందుకే జనం అరగంట కూర్చుని లోపలికి పోయి, "ట్రైలర్ ఇరుకు" అని తీర్పు చెప్పేస్తారు. పందిరికి దడి కట్టకుండా పందిరిని తిట్టడమిది.

దడి కట్టడం పెద్ద విద్యేం కాదు. మొదటి మెట్టు, ఆనింగ్ ముందంచు గొట్టానికుండే గాడిలోకి దూర్చి కిందికి వేలాడదీసే జల్లెడ గుడ్డ. వాలుటెండని చాలా ఆపుతుంది, గాలి ఆడుతుంది. రెండో మెట్టు, మూడువైపులా దోమతెర గోడలూ జిప్పు తలుపూ ఉండే స్క్రీన్ రూమ్. ఇది ఆనింగ్ కొలతకి సరిపడా తీసుకోవాలి. మూడోది, ట్రైలర్‌తో సంబంధం లేకుండా పక్కన వేసుకునే దోమతెర గుడారం. క్లామ్ లాంటి కంపెనీలవి గొడుగులా తెరుచుకుంటాయి, నిమిషాల్లో పని అయిపోతుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి నేనైతే ఈ మూడోదే చెప్తాను. ట్రైలర్ మార్చినా అది మీతోనే ఉంటుంది, బడ్డీలో మేకు కొట్టే పని లేదు. కాకపోతే కొన్ని క్యాంప్‌గ్రౌండ్లలో చదును చేసిన స్థలం దాటి ఏదీ వెయ్యనివ్వరు, ముందే రూల్సు చూసుకోవాలి.

ఈ విషయంలో యూరప్‌వాళ్ళని చూసి బుద్ధి తెచ్చుకోవాలి. వాళ్ళ కార్లు చిన్నవి, రోడ్లు ఇరుకు, కాబట్టి కారవాన్లూ చిన్నవే. అందుకని ఇంటిని పొడిగించకుండా గుడ్డ గదిని వృద్ధి చేశారు. డెన్మార్క్‌లో ఇసబెల్లా కంపెనీ పుట్టిందే 1957లో. అక్కడి కారవాన్‌కి గోడ అంచంతా ఒక గాడి పట్టీ ఉంటుంది. నేల దగ్గర మొదలుపెట్టి, గాడి వెంబడి పైకెక్కించి, అవతల మళ్ళీ నేలదాకా దారం లాగి కొలుస్తారు. ఆ సెంటీమీటర్లే ఆనింగ్ సైజు. గోడలు, కిటికీలు, తలుపు ఉన్న పూర్తి గది అది. ఇప్పుడు ఇనప గొట్టాల బదులు పంపుతో గాలికొట్టి నిలబెట్టేవి కూడా వచ్చాయి. రెండు వారాల సెలవులో వాళ్ళు కారవాన్‌లో పడుకుంటారు, ఆనింగ్‌లో బతుకుతారు. అమెరికాలో పెట్రోలు చవక, ట్రక్కు పెద్దది, అందుకని ఆ ఆలోచన రాలేదు. మనం వచ్చింది పంచలూ అరుగులూ ఉన్న ఊళ్ళనుంచి. మనకి కూడా తట్టకపోతే ఎలా?

దిక్కు సంగతి మరీ విడ్డూరం. ఇల్లు కొనేప్పుడు "ఈస్ట్ ఫేసింగే కావాలి" అని రియల్టర్ ప్రాణం తీస్తాం. క్యాంప్‌సైట్ బుక్ చేసేప్పుడు మాత్రం దిక్కు చూడం. అమెరికా ట్రైలర్లకి తలుపూ ఆనింగూ కుడిపక్క ఉంటాయి. అంటే బండి మూతి పడమటికి పెడితే పందిరి ఉత్తరానికి, మూతి ఉత్తరానికి పెడితే పందిరి తూర్పుకి వస్తుంది. రెండూ మంచివే, ఎండాకాలం మధ్యాహ్నం ట్రైలరే నీడనిస్తుంది. మూతి దక్షిణానికి పెట్టారో, పందిరి పడమటికి తిరిగి పెనంలా కాల్తుంది. రివర్స్‌లో పెట్టే సైట్లలో మూతి దారి వైపే ఉంటుంది కాబట్టి మ్యాపులో దారి ఎటుందో చూసి సైటు ఎంచుకోవచ్చు. వాస్తు ఎక్కడైనా పనికొస్తే ఇక్కడే :-)

గుడ్డతో చిక్కులు లేవని నేననను. ఆనింగ్ అంటే తెరచాప, గాలి లేస్తే చుట్టెయ్యాలి. బయటికెళ్తున్నా, పడుకుంటున్నా చుట్టెయ్యాలి. గాలికి విరిగితే వారంటీ సాధారణంగా వర్తించదు. వానొస్తే ఒక మూల కిందికి వంచి ఉంచాలి. 128 చదరపుటడుగుల గుడ్డమీద నీళ్ళు అంగుళం మందాన నిలిస్తే 300 కిలోలు, చేతులు వంగిపోతాయి. గోడలన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి, గ్యాస్ హీటర్ పెట్టరాదు, పక్కన జనరేటర్ నడపరాదు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషి నిద్రలోనే పోతాడు. ఎలుగుబంట్లున్న చోట గుడ్డ గదిలో తిండి వదలకూడదు. ఇవన్నీ నేర్చుకోడానికి ఒక ట్రిప్పు చాలు. కుళ్ళిన నేల చెక్క బాగుచేయించడానికి ఎన్ని ట్రిప్పులు కావాలో లెక్కేసుకోండి.

"రోజూ ఎవరు విప్పి కడతారండీ?" అనేది చివరి ఆయుధం. ఒక్క రాత్రి ఆగేచోట కట్టొద్దు. మూడు రాత్రులు, ఆపైన ఉండేచోట కట్టండి. ఏడాది పొడుగునా అందులోనే కాపురముంటూ రిమోట్‌గా ఉద్యోగం చేసేవాళ్ళకి పెద్దది కావాలంటే సరే, వాళ్ళ లెక్క వేరు. లాంగ్ వీకెండూ, రెండు వారాల పీటీవో ఉన్న మనకి ఆ లెక్క వర్తించదు.

ఇంతకీ నేనింత గొంతు చించుకునేది చదరపుటడుగుల కోసం కాదు. ట్రిప్పులో లోపల ఎవరు మిగిలిపోతున్నారో ఒక్కసారి చూడండి. కుర్రాళ్ళు ట్రెయిల్ ఎక్కుతారు, పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. ఆరునెలలకని వచ్చిన అమ్మానాన్నలు మోకాళ్ళ నొప్పులతో ఆ ఎత్తు మెట్లు దిగలేక, దిగినా కూర్చోడానికి నీడ లేక, ఏసీ గుయ్యిమంటుంటే కిటికీలోంచి చెట్లు చూస్తూ కూర్చుంటారు. వంట చేసేవాళ్ళు (ఎక్కువిళ్ళల్లో ఇప్పటికీ ఆడవాళ్ళే) ఆ సందులో చెమటలు కక్కుతూ నిలబడతారు. ఎండుమిర్చి పోపు వేస్తే స్మోక్ అలారం గోల. ఇంతదూరం వచ్చి వాళ్ళు చూసింది అపార్ట్‌మెంట్ కంటే చిన్న వంటిల్లు. 32 అడుగులది కొంటే ఈ కష్టం తీరదు, ఎనిమిదడుగులు పొడుగవుతుంది.

నేలమీద గది ఉందనుకోండి, పెద్దాయన పొద్దున్నే ఒకసారి దిగితే మళ్ళీ మళ్ళీ మెట్లెక్కే పనిలేదు. చేతుల కుర్చీలో కూర్చుని కాఫీ తాగుతూ దారినపోయేవాళ్ళని చూస్తాడు, పక్క సైటువాళ్ళకి చెయ్యూపుతాడు. అమ్మ కూరలు తరుక్కుంటూ మనవడితో కబుర్లాడుతుంది. పొయ్యి గుడ్డకి దూరంగా, పందిరి బయట పెడితే పోపు వాసన చెట్లకి పోతుంది, వంట అందరి పనీ అవుతుంది. చీకటి పడ్డాక దోమతెరలో అందరూ ఒకేచోట కూర్చుని తింటారు. మనం ట్రైలర్ కొనాలనుకున్నది అసలు దీనికోసమే కదా?

క్లయింటు ఏం చేస్తాడో అడక్కుండా ఫీచర్లు పెంచుకుంటూ పోయే ప్రాజెక్టు ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? డీలరు దగ్గరికి వెళ్ళినప్పుడు లోపలికి దూరకండి ముందు. ఆనింగ్ విప్పించండి, ముందంచుకి గాడి ఉందా, మూల వంగుతుందా చూడండి. దానికింద ఆరు కుర్చీలూ ఒక బల్లా వేసుకుని, వెంట తీసుకెళ్ళిన అమ్మనీ నాన్ననీ కూర్చోబెట్టండి. వాళ్ళు కుదురుగా కూర్చున్నారంటే, ఆ ట్రైలర్ పొడవు మీకు సరిపోయినట్టే.