ఆ కార్జం ముక్క కుక్కకు వేయకండి!

ఆదివారం తెల్లారేసరికి రోడ్డు పక్క మొద్దుల మీద గొర్రెలు తెగుతాయి. కార్జం మీద తెల్లటి నీటి తిత్తి కనబడితే మటన్ కొట్టే మనిషి ఆ ముక్క కోసి పక్కకు విసురుతాడు. కాచుకు కూర్చున్న కుక్క మింగేస్తుంది. అందరం చూస్తాం, ఒక్కరం నోరెత్తం. ఆ విసురుడు నేరం. మన మౌనమూ నేరమే.

ఆ తిత్తిలో బద్దెపురుగు పిల్లలు వేలల్లో ఉంటాయి. కుక్క పేగుల్లో ఆరేడు వారాల్లో ఎదుగుతాయి. వాటి గుడ్లు కుక్క పెంటతో బీడులోకి, ఆకుకూర మడిలోకి, కుక్క బొచ్చు నిమిరిన పిల్లల చేతుల్లోకి చేరతాయి. గడ్డితో గొర్రె మింగితే గొర్రెలో తిత్తులు, మనిషి మింగితే మనిషి కార్జంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు. నొప్పి తెలియకుండా ఏళ్ల తరబడి పెరుగుతాయి. లోపల పగిలితే ప్రాణాలకే ముప్పు. ఇదే హైడాటిడ్ వ్యాధి.

మాంసం తింటే ఈ జబ్బు రాదు. కాబట్టి తినేవాళ్లను తిట్టకండి, కుక్కలను చంపమనకండి. తప్పంతా ఆ ముక్క కుక్క నోటికి అందించడంలో ఉంది.

2019 పశుగణన ప్రకారం గొర్రెల్లో దేశంలో మొదటి స్థానం తెలంగాణది, రెండోది ఆంధ్రప్రదేశ్‌ది. రెండింటిలో కలిపి మూడున్నర కోట్లకు పైనే. వాటికి నట్టల మందు తాగిస్తున్నాం, మంచిదే. అది పేగుల్లోని పురుగులను పడగొడుతుంది గానీ కార్జంలో పాతుకున్న తిత్తిని కరిగించదు. మరి మంద వెంట తిరిగే కుక్కకు బద్దెపురుగును చంపే ప్రాజిక్వాంటెల్ మాత్ర వేసేదెవరు? పట్టణాల్లో లైసెన్సున్న వధశాలలోనే కోయాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. అవి కాగితం దాటి ఆదివారం మొద్దు దాకా ఎందుకు రాలేదు?

ఒకప్పుడు ఐస్‌లాండ్‌ను ఈ జబ్బు పీడించింది. ఇంటింటికీ చిన్న పుస్తకం పంచారు, 1869లో చట్టం చేశారు, తిత్తులున్న భాగాలు కుక్కలకు దక్కకుండా చూశారు, కుక్కలకు మందు వేశారు. జబ్బును తరిమేశారు. వాళ్లు చేసింది మనకు చేతకానిదా?

ప్రతి మటన్ కొట్టు దగ్గర మూతున్న గొయ్యి, ప్రతి పశువుల ఆసుపత్రిలో కుక్కల మాత్ర పెట్టండి. గొల్ల కురుమల బతుకు కుక్కతో, మందతోనే. ముందు నలిగేది వాళ్ల పిల్లలే.

వచ్చే ఆదివారం మీరు కొట్టు ముందు నిలబడతారు. ఆ చెయ్యి విసరబోతుంది. అప్పుడు గట్టిగా అనండి: "అన్నా, అది కుక్కకు వెయ్యకు. గోతిలో వెయ్యి."