ఎక్స్‌ట్రా ఇన్‌కమ్ మెసేజ్ వచ్చిందా? ముందు కంపెనీ పేరు అడగండి

ముక్కూ మొహం తెలియనివాళ్లు ఇన్‌స్టాలోనో, లింక్డ్‌ఇన్‌లోనో "హాయ్ బ్రో, పార్ట్‌టైమ్ ఇన్‌కమ్ కావాలా?" అని మెసేజ్ పెడతారు. కంపెనీ పేరు అడిగితే మాత్రం "జూమ్ కాల్‌లో చెప్తాం" అంటారు. నా ఉద్దేశంలో చాట్ అక్కడే ఆపేయాలి. మంచి ఫోన్ గురించి చెప్పేవాడు ముందు మోడల్ పేరే చెప్తాడు కదా!

నెట్‌వర్క్ మార్కెటింగ్ అంతా మోసం కాదు. కానీ 2021 డైరెక్ట్ సెల్లింగ్ రూల్స్ ప్రకారం చేరడానికి ఫీజు తీసుకోకూడదు, పిరమిడ్ స్కీమ్ నడపకూడదు. లెక్క చూడండి: ఒక్కొక్కరు ఆరుగురిని చేర్పిస్తూ పోతే 13వ లెవెల్‌కి 1,306 కోట్ల మంది కావాలి. భూమ్మీద అంతమంది ఎక్కడున్నారు?

"డబ్బు ప్రొడక్ట్ అమ్మితే వస్తుందా, నన్ను చేర్పిస్తే వస్తుందా?" అని అడగండి. తిన్నగా జవాబు రాకపోతే బ్లాక్ చేసేయండి. మొహమాటపడితే పోయేది మీ జీతమే.